అక్క ఉన్న గది

కాలేజీ చదువుకు ఇక ఫీజు లేదని రేడియోలో చెప్పినప్పుడు తోకిలూపె చాప అల్లుతోంది. అల్లుతున్న ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఫీజు లేదు, వయసు పట్టింపు లేదు, రాజధాని దాకా ఓడెక్కి పోనక్కర్లేదు, ఈ ఊళ్లోనే, పంగాయ్‌లోనే చర్చి వెనక హాల్లో సాయంత్రాలు పాఠాలు చెబుతారు, కోరిక ఉన్నవాళ్లెవరైనా రావచ్చు అని చదివేసి, రేడియోలో మనిషి గాలివానల కబుర్లలోకి వెళ్లిపోయాడు. తుపాను సూచన ఏమీ లేదట. అంత పెద్ద మాట చెప్పి అంత తేలిగ్గా ఎలా దాటేశాడా అని ఆమెకు ఒళ్లు మండింది. ఇంకోసారి చెబుతాడేమోనని రాత్రి భోజనం దాకా రేడియో ఆపలేదు.

ఆమెకు యాభై దాటాయి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లో ఆ రేడియో నోరు మూసుకుంటే ఇంకెవరూ మాట్లాడరు. చిన్నప్పుడు బడిలో పంతులు ప్రశ్న పూర్తి చేయకముందే లేచి నిలబడే పిల్ల తోకిలూపె. పై చదువు మాట ఎత్తితే వాళ్ల నాన్న, "ఆ ఫీజు పెడితే పడవే వస్తుంది" అన్నాడు. ఆ తరువాత పడవ కొన్నదీ లేదు, పిల్లల్ని చదివించిందీ లేదు. ఆ పిల్ల ఇన్నేళ్లుగా చాపలు అల్లుతూనే ఉంది. ఇప్పుడామె కోరుకున్నది పెద్ద ఉద్యోగమేమీ కాదు. ఎదురుగా ఒక టీచరు నిలబడి ప్రశ్న అడగాలి, తను లేచి జవాబు చెప్పాలి, అది సరైనదేనని నలుగురూ వినాలి. మర్నాడే వెళ్లి ప్రజారోగ్యం కోర్సులో పేరు రాయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక?

తోబుట్టువు ఒకడున్నాడు, సెమీసి. ఆమె కన్నా చిన్నవాడు, చేపలు పడతాడు, రేవుకు దగ్గర్లోనే కాపురం. కాని మా టోంగాలో అక్కాతమ్ముళ్ల సంగతి వేరు. మీసం మొలవకముందే పిల్లవాడి పక్కను వేరే గుడిసెలోకి మార్చేస్తారు. ఆనాటి నుంచి అక్క ఉన్న గదిలో తమ్ముడు కాళ్లు చాపడు, గొంతు పెంచడు, వేళాకోళం ఆడడు, వీలైతే అసలు ఉండడు. అది కోపం కాదు, గౌరవం. అక్క మాటకు ఎదురు లేదు, చేపల్లో మొదటి చేప ఆమెది, మట్టిపొయ్యిలో ఉడికిన దుంపల్లో మొదటి బుట్ట ఆమెది. ఇంత గౌరవం ఆడదానికి లోకంలో ఇంకెక్కడా దొరకదని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. ఆ గౌరవం అందుకున్న మనిషి ఒక్కతే కూర్చుని దుంప ఒలుచుకుంటూ ఏమనుకుంటుందో అడిగినవాళ్లు మాత్రం లేరు. ప్రతి ఆదివారం సెమీసి ఇంటి నుంచి బుట్ట వస్తుంది. తెచ్చేది అతని భార్య మాఫి. "తింటున్నాడా? ఒంట్లో బాగుందా?" అని తోకిలూపె అడుగుతుంది. "బాగున్నాడు వదినా" అంటుంది మాఫి. అక్కాతమ్ముళ్ల మధ్య నడిచే మాటలన్నీ అవే.

మొదటి రోజు హాల్లో అడుగు పెట్టేసరికి ముందు వరసలో ఒక వీపు కనబడింది. అది ఎవరిదో తెలియడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు. తమ్ముడి ముఖం కన్నా వీపే ఆమెకు బాగా తెలుసు, ఎప్పుడూ అటు తిరిగి వెళ్లిపోతూనే కనబడతాడు గనక. కొత్త చొక్కా వేసుకున్నాడు. చర్చికి వెళ్లేటప్పుడు మావాళ్లు మర్యాదకు నడుముకు చుట్టుకునే చాప చుట్టుకున్నాడు. ఒళ్లో పుస్తకం, చెవి మీద పెన్సిలు. వీడికి కూడా చదువంటే ఇష్టమా? ఇన్నేళ్లుగా ఒకే ఊళ్లో ఉంటూ ఆ సంగతి తెలియలేదు. నాన్న పడవ మాట అన్న రోజున పక్క గుడిసెలో ఇంకొకరు కూడా మింగలేక మింగారన్నమాట. తోకిలూపె చప్పుడు చేయకుండా వెళ్లి చివరి వరసలో కూర్చుంది.

పాఠం చెప్పడానికి రాజధాని నుంచి వచ్చిన లోసలీనా పాతికేళ్ల పిల్ల. అందరినీ పేర్లు చెప్పుకోమంది. సంతలో కొబ్బరికాయలు అమ్మే వీకా లేచింది. ఆ మనిషి లేస్తే బెంచీ ఊపిరి పీల్చుకుంటుంది.

"నా పేరు వీకా. మా ఆయనకి వంట తప్పించుకుందామని వచ్చా తల్లీ. ఈ పుస్తకంలో మగాళ్ల ఒళ్లు గురించి కూడా ఉందంటగా? ఆ పాఠం నువ్వు కష్టపడకు, నేను చెప్తాలే. మా ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టి—"

"వీకా!" అని వెనక నుంచి ఎవరో గదమాయించారు. "అక్కాతమ్ముళ్లున్నారిక్కడ!"

హాలంతా ఒక్కసారిగా తల దించుకుంది. వీకా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సెమీసి వెనక్కి తిరగలేదు. లేచి, నడుము బాగా వంచి, గోడ పక్కగా నడిచి వరండాలోకి వెళ్లిపోయాడు. కిటికీ కింద నేల మీద కూర్చున్నట్టున్నాడు, అద్దపు పలకల సందులోంచి నెత్తి మాత్రం కనబడింది.

"ఆయన్ని లోపలికి పిలవండి" అంది లోసలీనా. "క్లాసులో అందరూ విద్యార్థులే కదా. రాజధానిలో ఇవన్నీ ఎవరూ అంతగా పట్టించుకోరు."

"రాజధానిలో అక్కలు లేరా తల్లీ?" అంది వీకా, ఈసారి గొంతు తగ్గించి.

సర్కారువారు చదువుకు ఉన్న అడ్డంకులన్నీ తీసేశామన్నారు. పాపం, వాళ్లకు కనబడ్డ అడ్డంకులు వాళ్లు తీసేశారు.

ఆ తరువాత అదే పద్ధతి అయింది. అక్క లోపల, తమ్ముడు బయట. అతను ఎప్పుడు వచ్చేవాడో, ఎప్పుడు వెళ్లేవాడో ఆమె కంట పడనిచ్చేవాడు కాదు. లోసలీనా మాత్రం కిటికీ వైపు తిరిగి గట్టిగా చెప్పేది. ఒకనాడు ఆ పిల్ల, దోమలు పెరగకుండా నీటి తొట్టిని ఏం చేయాలని అడిగింది. ఎవరూ పలకలేదు. తోకిలూపె లేచి నిలబడింది. వారానికోసారి ఒంపేసి, తోమి, మూత వేయాలని చెప్పింది. "సరిగ్గా చెప్పారు" అంది లోసలీనా. ఆ మాట వినడానికి ఎన్నేళ్లు పట్టిందని! ఆమెకు కళ్లు చెమర్చాయి.

కూర్చోబోతుండగా సముద్రం మీద నుంచి వాన ఒక్క విసురున వచ్చిపడింది. వరండా అంతా జల్లు. తోకిలూపె కిటికీలోంచి చూసింది. సెమీసి లేవలేదు. తల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. పుస్తకాన్ని చొక్కా లోపల పొట్టకు హత్తుకుని, పాఠం పోతుందేమోనని చెవి గోడకు ఆనించి కూర్చున్నాడు. నెత్తి మీద జుట్టు పలచబడింది, తెల్లబడింది కూడా. ఆమె అతన్ని అంత దగ్గరగా, అంతసేపు చూసింది చిన్నతనం తరువాత అప్పుడే. తను జవాబు చెప్పిన సంతోషం కాస్తా చప్పబడిపోయింది.

ఆ మర్నాటి నుంచి తోకిలూపె వెళ్లడం మానేసింది. దారిలో వీకా పట్టుకుని నిలదీస్తే, "ఎవరిదో చావుకు చాపలు కావాలన్నారు, తీరిక లేదు" అంది.

"ఎవరు పోయారే? నాకు తెలీకుండా ఈ ఊళ్లో చచ్చే ధైర్యం ఎవరికొచ్చింది?" అంది వీకా. తోకిలూపె ముందుకు నడిచింది.

సాయంత్రాలు కష్టంగా గడిచేవి. ఆ వేళకు చాప ముందు కూర్చుని, ఇప్పుడు సెమీసి ముందు వరసలోకి వెళ్లి కూర్చుని ఉంటాడు, చెవి మీది పెన్సిలు తీసి ఉంటాడు, ఇవాళ ఏ పాఠమో అనుకునేది. ఆదివారం బుట్ట తెచ్చిన మాఫిని అడిగింది.

"చదువుకుంటున్నాడా?"

"అబ్బో, ఏం చదువు వదినా! సాయంత్రమయ్యేసరికి పుస్తకం చంకలో పెట్టుకుని పోవడమే. వల బాగుచెయ్యవయ్యా అంటే వినిపించుకుంటేనా? ఈ వయసులో ఈయన గారు డాక్టరైపోతాడు కాబోలు, నన్ను మందులు కలపమంటాడు."

తోకిలూపె నవ్వింది. బుట్టలో చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన మాంసం ఇంకా వేడిగా ఉంది. తన కుర్చీ వదులుకున్నందుకు ఫలితం దక్కిందని తృప్తిగా తింది. ఆ తృప్తితో ఇల్లు ఏమీ నిండలేదు. రాత్రి మళ్లీ రేడియో పెట్టుకుంది.

సంతలో లోసలీనా కనబడే దాకా అలాగే నడిచింది. ఆ పిల్ల పెండలాలు బేరం చేస్తోంది. తోకిలూపెను చూడగానే అవన్నీ అక్కడే వదిలేసి వచ్చింది.

"ఏమండీ, మీరిద్దరూ నన్నేం చెయ్యమంటారు?"

"ఇద్దరమా?"

"మీరూ, మీ తమ్ముడూ. మీరు మానేసిన రోజు ఆయన వరండాలోకి వచ్చారు. అక్క రాలేదుగా, లోపలికొచ్చి కూర్చోండి అన్నాను. 'అక్క రాలేదా?' అన్నారు. 'ఆమె ఖాళీ చేసిన కుర్చీలో నేనెలా కూర్చుంటానమ్మా' అని వెళ్లిపోయారు. ఆ తర్వాత మళ్లీ రాలేదు."

"రోజూ పుస్తకం పట్టుకుని పోతున్నాడని మాఫి చెప్పిందే!"

"రేవు చివర పడవ మీద కూర్చుని చదువుకుంటుంటారు. నేను చూశాను. నన్ను చూసి పుస్తకం వల కింద దాచేశారు."

తను వెళ్లకపోతే వాడు లోపల కూర్చుంటాడని తోకిలూపె మానేసింది, అక్క వదిలేసిన చోట తను కూర్చోకూడదని వాడూ మానేశాడు. ఇద్దరూ ఒకరికొకరు చదువును దానం చేసుకుని ఇద్దరూ మూర్ఖుల్లా బయట కూర్చున్నారు. ఇంకే దేశంలోనైనా ఒక్క మాట అడిగి తెలుసుకునేవాళ్లు.

"రానివాళ్ల పేర్లు కొట్టెయ్యమని పైవాళ్లు అంటున్నారు" అంది లోసలీనా. "చేరతామని వేరేవాళ్లు తిరుగుతున్నారు. సోమవారం దాకా ఎలాగో ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

తోకిలూపె ఇంటికి వెళ్లలేదు. ఉన్నపాటున సెమీసి ఇంటికి నడిచింది. ఆ వాకిట్లో అడుగు పెట్టి ఎన్నేళ్లయిందో! అతను చొక్కా లేకుండా కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అక్కను చూడగానే కంగారుగా లేచి లోపలికి పరిగెత్తి చొక్కా తొడుక్కుని వచ్చాడు. వాకిలికి ఆ చివర, నేల మీద, తల వంచుకుని కూర్చున్నాడు. గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. తోకిలూపె సిమెంటు నీళ్లతొట్టి దగ్గరే నిలబడిపోయింది. మాఫి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి ఇద్దరినీ చూసింది.

"మాఫీ, సోమవారం క్లాసుకు వెళ్లమని మీ ఆయనకు చెప్పు."

"ఏవయ్యా, సోమవారం—"

"విన్నాను" అన్నాడు సెమీసి నేలకేసి చూస్తూ. "అక్క వస్తుందేమో అడుగు."

"వదినా, నువ్వు—"

"వస్తాను."

"అయితే నేను వరండాలో ఉంటానని చెప్పు."

"వరండాలో కాదు, లోపల అని చెప్పు."

"నేను నోరు తెరవక ముందే మీరు మాట్లాడేసుకుంటుంటే మధ్యలో నేనెందుకు, నా పొయ్యి మీద దుంపలు మాడిపోతున్నాయి!" అంది మాఫి. కాని కదల్లేదు. మొగుడి ముఖం చూసి ఆమెకూ ఏదో అర్థమైంది. "ఏంటయ్యా? రోజూ క్లాసుకే కదా పోతున్నావు?"

అతను గుండీలు సరిచేసుకోసాగాడు. తోకిలూపె గొంతు సవరించుకుంది. మా దగ్గర అక్క తలచుకుంటే తమ్ముడి పిల్లకు పేరు పెట్టగలదు, అతని పందిని తోలుకుపోగలదు. తోకిలూపె ఇన్నేళ్లలో ఆ అధికారాన్ని ఒక్కసారి కూడా వాడలేదు.

"సెమీసీ" అంది సూటిగా.

మాఫి ఉలిక్కిపడింది. సెమీసి తల ఇంకా కిందికి వంగింది.

"ఇది నా మాట. నువ్వు లోపల కూర్చుంటావు. నేనూ కూర్చుంటాను. నువ్వు నన్ను చూడక్కర్లేకుండా నేను చూసుకుంటాను."

"సరే అక్కా" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది, పెద్దవాడి గొంతు. అది వినగానే తోకిలూపెకు అక్కడ ఇంక నిలబడబుద్ధి కాలేదు. ఏడుస్తుందేమోనని భయం వేసి వచ్చేసింది.

ఆమె పెట్టెలో అడుగున ఒక పెద్ద బెరడు దుప్పటి ఉంది. చెట్టు బెరడు కొట్టి, అతికి, నల్లటి గోధుమ రంగు ముగ్గులు వేసి, తను పోయినరోజున కప్పడానికని దాచుకున్నది. సోమవారం దాన్ని భుజాన వేసుకుని హాలుకు వెళ్లింది. దూలానికి తాడు కట్టి వేలాడదీస్తుంటే వీకా వచ్చింది.

"చావుకని దాచిన దుప్పటి బతికుండగానే వాడేస్తున్నావా? రేపు నిన్ను దేంతో కప్పమంటావు, కొబ్బరి మట్టతోనా?"

"నువ్వున్నావుగా, నా మీద కూర్చో చాలు" అంది తోకిలూపె. వీకా పడీపడీ నవ్వింది.

తెరకు అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు కూర్చున్నారు. లోసలీనా రెండు పక్కలా కనబడేలా బోర్డు దగ్గర నిలబడింది. ఇదేం కాలేజీ అన్నట్టు కాసేపు ఆ దుప్పటిని చూసి, ఊరుకుని పాఠం మొదలుపెట్టింది. అవతల కుర్చీ కిర్రుమంది. అతను వచ్చి కూర్చున్నాడని, వరండాలో కాదని, ఆ చప్పుడుతోనే ఆమెకు తెలిసింది. ఇద్దరి పేర్లూ కొట్టివేయకుండా నిలిచాయి.

మొదట్లో అవతలివైపు చర్చిలో ఉన్నంత నిశ్శబ్దం. రోజులు గడిచేకొద్దీ తెర అలవాటైపోయింది. ఇవతల ఎవరున్నారో అవతల మరిచిపోయారు. ఒకనాడు లోసలీనా జీర్ణకోశం బొమ్మ వేసి పేగుల పొడవు చెబుతుంటే, వీకా లేచి, "అంత పొడవా! అందుకే మా ఆయనకి ఆదివారం తిన్నది బుధవారం దాకా వినపడుతుంటుంది" అంది. హాలు హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లో ఒకటి తెర అవతల నుంచి మిగతావన్నిటినీ దాటుకుని పైకి లేచింది. గొంతు లోతు నుంచి మొదలై, మధ్యలో ఊపిరాడక ఆగి, మళ్లీ ఎత్తుకునే నవ్వు.

"ఎవరే అది?" అంది తోకిలూపె.

వీకా వింతగా చూసింది. "మీ సెమీసే. రేవులో పొద్దున్నే ఈ నవ్వు వినపడితే చేపలు బాగా పడ్డాయని లెక్క. నీకు తెలీదూ?"

తెలీదు. ఊరందరికీ తెలుసు, రేవులో కుక్కలకు కూడా తెలుసు, ఆమెకు తెలీదు. అది అవమానంలా తగిలింది, మరుక్షణమే ఆ నవ్వు ఆమెను కూడా పట్టేసింది. ఆపుకోలేక పెద్దగా నవ్వేసింది.

అవతల నవ్వు మధ్యలోనే తెగిపోయింది. కుర్చీ కదిలిన చప్పుడు, ఆ తరువాత ఏమీ లేదు. లేచి వెళ్లిపోతాడేమోనని ఆమె బిగుసుకుపోయింది. వెళ్లలేదు. కాని ఆ రోజంతా అవతల ఎవరూ నోరెత్తలేదు. మర్నాడు లోసలీనా ఏదో అడిగితే తోకిలూపె లేచి చక్కగా జవాబు చెప్పింది. ఆ గొంతు వినగానే అటువైపు మళ్లీ సద్దుమణిగిపోయింది. ఇక పాఠం అయ్యేదాకా వీకా ఎన్ని అన్నా ఆ నవ్వు రాలేదు. తన గొంతు వినబడినంతసేపూ అక్కడ తమ్ముడు ఉండడు, అక్కకు ఒదిగి కూర్చున్న మనిషి ఒకడుంటాడు. ఆ సంగతి అర్థం కావడానికి ఆమెకు పుస్తకం అక్కర్లేకపోయింది.

తరువాత ఒక సాయంత్రం లోసలీనా, నీళ్లు కాచి తాగకపోతే వచ్చే జబ్బులేమిటని అడిగింది. తోకిలూపెకు అన్నీ తెలుసు, వరసగా నాలుక చివర ఉన్నాయి. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఒళ్లో చేతులు బిగించి కూర్చుంది. ఎవరూ పలకకపోతే వీకా అందుకుంది.

"ఏ జబ్బూ రాదు తల్లీ. మా అత్త జన్మలో నీళ్లు కాచి ఎరగదు. తొంభై ఏళ్లొచ్చాయి, నన్ను తిట్టడానికి ఇంకా ఓపికుంది. ఆ నీళ్లేవో మానేస్తే పోతుందేమో, కాస్త కనుక్కుని చెప్పు!"

అవతల ఆ నవ్వు లేచింది. ఆగి, ఎగిసి, మళ్లీ ఎత్తుకుంది. తోకిలూపె పైబట్ట కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు. ఆ నవ్వు ఎంతసేపు సాగితే అంతసేపూ అలాగే కూర్చుంది.

పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. లోసలీనా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఈమధ్య మీరు ఒక్క జవాబూ చెప్పడం లేదు. పాఠం అర్థం కావడం లేదా?"

"అర్థమవుతోందమ్మా" అంది తోకిలూపె. "వీకానే అడుగుతుండు."